పిల్లిని పట్టించుకోని ఇల్లు కావలెను

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ విని నవ్వని తెలుగువాళ్ళు ఉండరు. రాయలవారు పెంచమని పిల్లిని, దాని పాల కోసం ఆవును ఇస్తే, రామకృష్ణుడు మొదటిరోజే సలసల కాగే పాలు దాని ముందు పెట్టాడు. మూతి చుర్రుమంది. ఆ తర్వాత పాలగిన్నె కనబడితే చాలు, పిల్లి పరుగో పరుగు. నేనూ చిన్నప్పుడు పడీపడీ నవ్వాను. ఒక ఆదివారం, దిక్కులేని జంతువులను ఉంచే షెల్టర్లో బోను ముందు మఠం వేసుకుని కూర్చుని, లోపల అట్టపెట్టె వెనక ముడుచుకుపోయిన ఒక చారల పిల్లిని చూస్తుంటే ఆ కథ గుర్తొచ్చింది. ఈసారి నవ్వు రాలేదు. సభలో అందరూ నవ్వాక, రామకృష్ణుడి తెలివికి బహుమానం దొరికాక, ఆ పిల్లి ఎటు పోయిందో కథలో ఎవరూ చెప్పరు.

పోయిన నెలలో ఒకాయన ఫోన్ చేశారు. దత్తతకు ఉన్న పిల్లుల వివరాలు అడిగారు. ఒక పిల్లి గురించి చెబుతూ "అది మనుషుల దగ్గరకు రాదండీ, దాక్కుంటుంది" అన్నాను. "దగ్గరకు రాని పిల్లిని ఎవరైనా ఎందుకు పెంచుకుంటారండీ?" అన్నారాయన. వెటకారం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. రెండేళ్ళ కిందట అయితే "ప్రేమగా చూసుకోండి, అదే వస్తుంది" అని ఠక్కున చెప్పేదాన్ని. చాలామందికి చెప్పాను కూడా. ఆ జవాబు ఎంత చెరుపు చేస్తుందో ఒక పిల్లి పుణ్యమా అని తెలిసింది. ఇప్పుడు నా అభిప్రాయం దాదాపు తలకిందులైంది. భయపడే పిల్లిని ప్రేమ పొంగిపొర్లే ఇంటికి ఇవ్వకూడదు. దాన్ని పెద్దగా పట్టించుకోని ఇంటికి ఇవ్వాలి. మొండివాదంలా ఉందని తెలుసు. కాస్త ఓపిక పట్టండి.

బియ్యం సంచిలో వచ్చింది

ఆ చారల పిల్లికి షెల్టర్ రిజిస్టర్లో ఏదో ముద్దుపేరు ఉంది. మేం మాత్రం మూలమ్మ అనేవాళ్ళం, ఎప్పుడు చూసినా మూలనే ఉండేది కాబట్టి. (నక్షత్రం చూసి పెట్టారా అని ఒకావిడ అడిగారు.) అద్దెకున్నవాళ్ళు ఫ్లాటు ఖాళీ చేస్తూ దాన్ని వదిలేసి పోయారు. నాలుగు రోజుల తర్వాత వాచ్‌మన్ దాన్ని బియ్యం సంచిలో వేసి, మూతి కట్టి, స్కూటర్ మీద తెచ్చాడు. అతణ్ణి తప్పుపట్టను. ఆ అపార్ట్‌మెంట్లో మిగతావాళ్ళు ఆపాటి కూడా చేయలేదు. పళ్ళు చూసి మూడేళ్ళుంటాయన్నారు డాక్టరు. టీకాలు వేశారు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశారు. ఒంట్లో ఏ లోపమూ లేదు. అయినా 14 నెలలు అక్కడే ఉండిపోయింది.

ఎవరికీ నచ్చక కాదు, ఎవరికీ కనబడక. వచ్చినవాళ్ళు బోను ముందు రెండు నిమిషాలు నిలబడి, అట్టపెట్టె వెనక నుంచి కనబడే అర అంగుళం చెవిని చూసి, పక్క బోనులో ఊచల మధ్య నుంచి చెయ్యి చాపుతున్న పిల్లి దగ్గరకు వెళ్ళిపోయేవారు. నేనైనా అంతే చేస్తాను.

కానీ పిల్లి స్వభావం తెలుసుకోవడానికి షెల్టర్ కన్నా పనికిరాని చోటు లేదు. గోడ అవతల కుక్కలు, స్టీలు గిన్నెల మోత, ఫినాయిల్ వాసన, గంటకో కొత్త మొహం. అక్కడ దాన్ని చూసి ఇది ఇలాంటి పిల్లి అని తేల్చడమంటే, ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్న మనిషిని చూసి ఈయన మాటకారి కాదని తేల్చడమే. 1997లో కెస్లర్, టర్నర్ అనే పరిశోధకులు బోనులో ఉన్న పిల్లుల ఒత్తిడిని కొలవడానికి ఏడు మెట్ల కొలమానం ఒకటి ప్రకటించారు. పొట్ట, కాళ్ళు, తోక, చెవులు, మీసాలు ఎలా ఉన్నాయో చూసి అంకె వేయాలి. కాళ్ళు బారచాపుకుని పడుకుంటే ఒకటి, నేలకు అతుక్కుపోయి వణుకుతుంటే ఏడు. ప్రతి ఆదివారం నేను మూలమ్మకు అంకె వేసేదాన్ని. ఐదు, ఆరు, ఐదు, ఆరు. పరీక్షల్లో అయితే మంచి మార్కులే.

ఇంకో సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. మూలమ్మ ఫోటోలు చూసినవాళ్ళందరూ కళ్ళ గురించే మాట్లాడేవారు. ఎంత పెద్ద కళ్ళో, ఎంత అమాయకంగా చూస్తోందో అని. నేనూ మురిసిపోయి ఆ ఫోటోలే మళ్ళీ మళ్ళీ పంపేదాన్ని. వెలుతురు బాగా ఉన్నప్పుడు పిల్లి కంటిపాప సన్నటి గీతలా ఉండాలి. పట్టపగలు అది గుండ్రంగా, నల్లగా, కన్నంతా నిండి ఉందంటే ఆ పిల్లి భయంతో చచ్చిపోతోందని అర్థం. మేం ముద్దొస్తోందని పంచుకున్నది దాని భయాన్నే.

అసలు అడవిపిల్లిలా పెరిగిన దాన్ని ఇంట్లో పెట్టాలని చూస్తున్నామా అనే అనుమానం కూడా మాకుండేది. ఈ ప్రశ్న తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. పిల్లికూనలు మనుషులతో మచ్చిక కావడానికి పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా ఉండే సమయమే కీలకమని ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఐలీన్ కార్ష్ 1980లలోనే చూపించారు. ఆ వారాల్లో మనిషి చెయ్యి తగలకుండా పెరిగిన పిల్లికి ఇల్లు వెతకడం దానికి మేలు కాదు. ఆపరేషన్ చేసి, గుర్తుగా చెవి కొన కత్తిరించి, పట్టుకున్న వీధిలోనే వదిలిపెట్టడం మేలు. మూలమ్మ సంగతి తేల్చింది రాత్రి కాపలా అతను. లైట్లు ఆర్పాక గిన్నెలో తిండి వేయబోతే, ఊచలకు ఒళ్ళు రాసుకుంటూ అటూ ఇటూ తిరుగుతుందట. దీపం వేయగానే మూలకు పరుగు. అంటే ఒకప్పుడు దానికి ఒక చెయ్యి తెలుసు.

తొమ్మిది రోజులు

అప్పుడు నేను ప్రకటన రాశాను. "కాస్త సిగ్గరి. కొంచెం ప్రేమ చూపిస్తే వెన్నలా కరిగిపోతుంది." ఈ వాక్యం రాసినందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

భార్యాభర్తలు, తొమ్మిదేళ్ళ పాప వచ్చారు. అంత మంచి మనుషులను నేను తక్కువ చూశాను. పిల్లి రాకముందే పరుపు, ఎక్కి ఆడుకోవడానికి చెట్టులాంటి స్టాండు, గంట కట్టిన బంతులు కొన్నారు. బాల్కనీకి పావురాల వల ఉంటే, నైలాన్ వలను పిల్లి కొరికేస్తుందని నేనంటే, రెండు రోజుల్లో ఇనుప జాలీ వేయించారు. ఆ ఇంట్లో లోటు ఏమీ లేదు. ప్రేమ మాత్రం కాస్త ఎక్కువైంది.

మొదటిరోజు సాయంత్రమే అమ్మమ్మ, తాతయ్య, పక్క ఫ్లాటువాళ్ళు చూడటానికి వచ్చారు. మూలమ్మ గ్యాస్ సిలిండర్ వెనక దూరింది. పాపం ఆకలేస్తోందేమోనని సిలిండర్ జరిపారు. అక్కడి నుంచి అటక మీదకు ఎగిరింది. కింద పడుతుందేమోనని నిచ్చెన వేసి దించారు. భయం పోవాలంటే ఎత్తుకోవాలని ఎవరో చెబితే పాప తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. నాలుగో రోజున ఫోన్ చేసి, సరిగా తినడం లేదన్నారు. ఇంకాస్త ప్రేమగా తినిపించమన్నాను. అవును, నేనే. ఏడో రోజున పాప ముంజేతి మీద మూడు గీతలు. తొమ్మిదో రోజు బుట్టలో పెట్టి తెచ్చి ఇచ్చేశారు.

తల్లిదండ్రులు క్షమాపణ చెబుతున్నారు. పాప మాత్రం చేతికి కట్టుతో నిలబడి, "ఆంటీ, నేనేం తప్పు చేశాను?" అంది. ఏమీ లేదమ్మా అన్నాను. అది నిజమే, కానీ జవాబు కాదు. తప్పు నా ప్రకటనలో ఉందని చెప్పాల్సింది. ప్రేమించినా అది రాకపోతే, ఆ వాక్యం ప్రకారం పాప ప్రేమలోనే లోపమున్నట్టు. తొమ్మిదేళ్ళ పిల్ల దాన్ని అలాగే చదువుకుంది. (ఆ ఇంట్లో ఇప్పుడు నారింజ రంగు పిల్లి ఒకటి ఉంది. దానికి ఎంతమంది ఎత్తుకున్నా చాలదు.)

ముద్దు చేసినా పులే

గదిలో పెట్టి కొడితే పిల్లి కూడా పులి అవుతుందని మనవాళ్ళు ఎప్పుడో చెప్పారు. భయానికీ దాడికీ మధ్య తలుపొక్కటే అడ్డమని, ఆ తలుపు మూస్తే పిల్లి మీద పడుతుందని ఇంత కురచగా ఏ పశువైద్య గ్రంథమూ చెప్పి ఉండదు. నేను చేర్చేది ఒక్కటే, కొట్టనక్కర లేదు. గదిలో పెట్టి ముద్దు చేసినా చాలు. మీద మీదకు వస్తున్న మనిషి చేతిలో కర్ర ఉందా, చేప ముక్క ఉందా అని మంచం కింద ఉన్న పిల్లి తేడా చూడదు. రావడమే దానికి భయం.

నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ విశ్వవిద్యాలయంవారు 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. షెల్టర్‌కు కొత్తగా వచ్చిన 19 పిల్లుల్లో పదింటికి దాక్కోవడానికి పెట్టెలు ఇచ్చారు, తొమ్మిదింటికి ఇవ్వలేదు. మూడో రోజుకే పెట్టె ఉన్నవాటి ఒత్తిడి బాగా తగ్గింది. లేనివాటికి ఆ స్థితికి రావడానికి రెండు వారాల దాకా పట్టింది. చిన్న అధ్యయనమే. దాన్ని చదివాక నాకు కలిగింది జ్ఞానోదయం కాదు, సిగ్గు. ఆ తొమ్మిది రోజులూ మేం ఫోన్లో మాట్లాడుకున్నదల్లా దాన్ని ఎలా బయటకు రప్పించాలనే. దాక్కోవడాన్ని జబ్బు అనుకున్నాం. అదే దాని మందు.

ప్రేమ అనే మాటతో నా తగువు ఇక్కడే. ప్రేమించేవారికి తిరిగి ఏదో కావాలి. తప్పేమీ కాదు, పిల్లిని తెచ్చుకునేదే అందుకు. కానీ భయపడే పిల్లి దగ్గర ఆ ఎదురుచూపు దాచలేరు. తలుపు దగ్గర నిలబడి తొంగిచూస్తారు, పేరు పెట్టి పిలుస్తారు, కళ్ళార్పకుండా చూస్తారు. పిల్లుల లోకంలో రెప్ప వేయకుండా చూడటం కయ్యానికి కాలు దువ్వడం. 2020లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయంవారు దీనికి తిరగేసిన పని చేసి చూశారు. మనిషి కళ్ళు సగం మూసి నిదానంగా రెప్పలార్పితే, ముక్కూమొహం తెలియని మనిషైనా సరే, చాచిన చేతి దగ్గరకు పిల్లి వచ్చే అవకాశం పెరిగింది. నిద్రమొహం వేసుకుని కూర్చోమని దాని సారాంశం.

ఒళ్ళో కూర్చోదు

రెండో ప్రకటన రాయడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. "నాలుగేళ్ళ ఆడపిల్లి. ఆరోగ్యం బాగుంది. ఒళ్ళో కూర్చోదు. పిలిస్తే రాదు. మొదటి నెలంతా మీకు కనబడకపోవచ్చు. ఎప్పటికీ ఇలాగే ఉండవచ్చు. ఒక గది, ఒక మంచం, ఆ మంచం కింద చీకటి ఉంటే చాలు." షెల్టర్ నడిపేవాళ్ళు చదివి, ఇది తీసుకోమనే ప్రకటనా వద్దనే ప్రకటనా అన్నారు. వారి బాధ అర్థమైంది. ఒక బోను ఖాళీ అయితే ఇంకో పిల్లి బతుకుతుంది. నా నిజాయితీకి అయ్యే ఖర్చును మరో పిల్లి మోస్తుందన్నమాట. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. తిరిగివచ్చే పిల్లి కూడా బోను తీసుకుంటుంది కదా, అదీ మునుపటి కన్నా భయపడి వస్తుంది కదా అని మాత్రం అన్నాను.

ఆరు వారాల్లో ఒకే ఒక్క ఫోన్ వచ్చింది. మల్కాజిగిరి నుంచి, రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి రిటైరైన పెద్దాయన. "అమ్మా, అది నాతో మాట్లాడాలనేం లేదు కదా?" అన్నారు మొదటి మాటగా. లేదన్నాను. "మంచిది. నేనూ పెద్దగా మాట్లాడను."

నాకు నమ్మకం కుదరలేదు. పెద్దాయనకు 68 ఏళ్ళు, పిల్లికి ఇంకో పన్నెండేళ్ళ ఆయుష్షు ఉండవచ్చు. పైగా శాకాహారుల ఇల్లు. పిల్లి మాంసం తినాల్సిన జంతువు. టౌరిన్ అనే పదార్థం తిండిలోంచి అందకపోతే దాని చూపు, గుండె దెబ్బతింటాయి, పెరుగన్నంతో ఏళ్ళు గడిపించడం కుదరదు. ఆ మాట చెబితే ఆయన భార్య కాసేపు ఆలోచించారు. "చేపలు, కోడి నా వంటింట్లో ఉడకవు. పొట్లంలో వచ్చేది పెట్టుకోండి. దాని మీద ఏం రాసి ఉందో నేను చదవను. అది వంటింట్లోకి రాకపోతే చాలు" అన్నారు. ఇంతకన్నా ఉదారమైన ఒప్పందం నేను చూడలేదు. తమ తర్వాత పిల్లి బాధ్యత తీసుకునే మనిషిగా మేనల్లుడి పేరు కాగితం మీద రాసి సంతకం చేయించి ఇచ్చారు. కిటికీలకు జాలీలు ఆయనే కొట్టుకున్నారు, నేను చెప్పడం మరచిన స్నానాల గది వెంటిలేటర్‌తో సహా. "దీపావళి అయ్యాక తెద్దువు గాని, టపాకాయలు" అన్నారు. పిల్లులంటే ఇష్టమా అని అడిగితే, "ఏమో, ఎలుకలంటే ఇష్టం లేదు" అన్నారు.

దీపావళి వెళ్ళిన వారానికి మూలమ్మను ముందుగదిలో వదిలాం. బుట్ట మూత తీయగానే దివాన్ కిందకు పోయింది. ఆయన చూడను కూడా లేదు. పడక కుర్చీలో కూర్చుని పేపరు తెరిచారు.

మూడు వారాల తర్వాత వెళ్ళాను. పిల్లి ఎలా ఉందంటే మాట్లాడకుండా ఒక నోటుబుక్కు చేతికిచ్చారు. గార్డు ఉద్యోగం అలవాటు, ప్రతిదానికీ టైము రాస్తారు. "రాత్రి 2:10 బయటకు. నీళ్ళు తాగింది. 2:40 లోపలికి." "ఉదయం 5:25 పాలవాడి సైకిల్ బెల్లు. లోపలికి." "తిండి 40 గ్రాములు వేశాను, 12 మిగిలింది." పదకొండో రోజు దగ్గర ఒక వాక్యం కింద గీత గీసి ఉంది. "పొట్లం చప్పుడుకు పారిపోతోంది. తిండికి కాదు."

14 నెలలు దాన్ని చూసిన మాకెవరికీ తట్టని విషయం అది. షెల్టర్లో తిండి పెద్ద డబ్బాలోంచి వస్తుంది కాబట్టి ఆ చప్పుడు ఎప్పుడూ లేదు. ఆ ప్రేమగల ఇంట్లో మాత్రం రోజుకు నాలుగుసార్లు, ఆశపెట్టడానికని, పొట్లాన్ని దాని మొహం ముందే గలగలలాడించేవారు. బియ్యం సంచీ కూడా అలాగే గరగరలాడుతుంది. రామకృష్ణుడి పిల్లికి పాలగిన్నె ఎలాంటిదో దీనికి ఆ చప్పుడు అలాంటిది. పెద్దాయన పొట్లంలోని తిండిని వరండాలో పాత హార్లిక్స్ సీసాలోకి ఒంపేశారు. పొట్లం ఇంట్లోకి రానందుకు ఆయన భార్య కూడా సంతోషించారు.

అయితే పట్టించుకున్నట్టే కదా

నిజమే. ఇక్కడ నా వాదానికి నేనే అడ్డుపడాలి. ఆయన విజయం చూసి పొంగిపోయి, అదే ప్రకటన పద్ధతిలో మరో నాలుగు పిరికి పిల్లులను ఇళ్ళకు పంపాను. మూడు నిలబడ్డాయి. నాలుగోది పది రోజులకు తిరిగివచ్చింది, సగమై. ఆ ఇంటివాళ్ళు నేను చెప్పినట్టే చేశారు. పిలవలేదు, తొంగిచూడలేదు, ముట్టుకోలేదు. అది మూడు రోజులుగా ఏమీ తినలేదన్న సంగతీ చూడలేదు. గిన్నెలో తిండి మిగిలితే పాతదాని మీదే కొత్తది పోశారు. పిల్లి రెండు మూడు రోజులు పూర్తిగా తినకపోతే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదకు వస్తుంది. సెలైన్, ముక్కులో గొట్టం, మూడు వారాల వైద్యం. బతికింది. బిల్లు సంగతి వదిలేయండి.

వారిదీ తప్పు కాదు, మళ్ళీ నా మాటే. పట్టించుకోవద్దు అనడం తేలిక, వినడానికి బాగుంటుంది, అందుకే ఈ వ్యాసానికి ఆ పేరు పెట్టాను. పెద్దాయన చేసింది మాత్రం అది కాదు. ఆయన పిల్లి నుంచి ఏమీ అడగలేదు, కానీ దాని గురించి అన్నీ రాసుకున్నారు. గ్రాములతో సహా. ఒక బండి వెనక బోగీలో ఒంటరిగా కూర్చుని, ముందున్న దేన్నీ ముట్టుకోకుండా, స్టేషన్ స్టేషన్‌కీ టైము రాసుకుంటూ ముప్పై ఏళ్ళు గడిపిన మనిషికి అది చేతనవును. అందరికీ చేతనవుతుందా అంటే అనుమానమే. ఇప్పుడు పిల్లిని ఇచ్చేటప్పుడు ఒక నోటుబుక్కు, వంటింటి కాటా ఉన్నాయా అని అడుగుతున్నాను. జనం వింతగా చూస్తున్నారు. కొందరు ఫోన్ పెట్టేస్తున్నారు కూడా.

జంతుప్రేమికుల మీద రాళ్ళు వేస్తున్నావని నా స్నేహితురాలు ఒకామె కోప్పడింది. షెల్టర్‌కు బియ్యం, మందులు, డబ్బు వచ్చేది ఆ పొంగిపొర్లే ప్రేమవల్లే కదా అంది. వల్లే. కాదనను. ఆ ప్రేమకు చెయ్యి చాపే పిల్లులు ప్రతి బోనులోనూ ఉన్నాయి, వాటిని తీసుకెళ్ళమనండి. అట్టపెట్టె వెనక అర అంగుళం చెవి ఉంది చూడండి, దాన్ని మాత్రం ఎవరికైనా ఒక నిద్రమొహం మనిషికి వదిలేయండి.

సంక్రాంతి తర్వాత మళ్ళీ మల్కాజిగిరి వెళ్ళాను. పెద్దాయన పడక కుర్చీలో పేపరు మొహం మీద వేసుకుని కునుకుతున్నారు. ఆయన విడిచిన చెప్పుల మీద గడ్డం ఆనించి, కంటిపాపలు సన్నగీతలై, మూలమ్మ. నన్ను చూడగానే దివాన్ కిందకు పోయింది. ఆయన లేచి, టైము చూసి, నోటుబుక్కు అందుకున్నారు. ఇంతలో వంటింట్లోంచి ఆవిడ గొంతు వినిపించింది. నన్ను ఉద్దేశించి అనుకుని లేవబోయాను. "మీతో కాదమ్మా" అన్నారు పెద్దాయన. "కుక్కర్ పెడుతున్నానే, విజిలేస్తుంది, లోపలికి పో" అంటున్నారావిడ, దివాన్ వైపు తిరిగి. విజిల్ పెట్టే ముందు రోజూ చెబుతారట.